విల్మర్ చేతి జడలు

ఆక్లాండ్ దగ్గరి హామిల్టన్‌లో నది పక్కనున్న రెస్ట్ హోమ్‌లో ముసలమ్మలకి కుసుమ చేత తల దువ్వించుకోవడమంటే మహా ఇష్టం. పొద్దున్నే కళ్ళు తెరవగానే "కుసుమ వచ్చిందా?" అని అడుగుతారు. నెరిసి పలచబడిన ఆ జుట్టుకి నొప్పి తెలియకుండా చిక్కు తీసి, పాపిడి దిద్ది, పక్కన క్లిప్పు పెట్టి అద్దం చూపిస్తుంది. తొమ్మిదేళ్ళుగా అదే ఉద్యోగం. అన్ని పరాయి తలలు దువ్విన మనిషికి సొంత కూతురి తల దువ్వడం రాదంటే ఎవరైనా నమ్ముతారా? నమ్మాలి మరి, రాదు. నేర్చుకోవే అని మొగుడు చెవినిల్లు కట్టుకుని పోరాడు. "తర్వాత నేర్చుకుంటాలే" అని బియ్యం కడుక్కుంటూ ఉండిపోయింది.

కుసుమది అమలాపురం దగ్గర ఓ పల్లె. డిప్లొమా చదువుకని ఇక్కడికొచ్చి, నలుగురు కలిసి అద్దెకుండే ఫ్లాట్‌లో ఒక గదిలో దిగింది. మొదటి ఆదివారం నిద్ర లేచేసరికి వంటింట్లోంచి అరటికాయ వేగుతున్న వాసన. ఈ దేశంలో అరటికాయ వేపుడు చేసుకునే మహానుభావుడెవరబ్బా అని వెళ్ళి చూస్తే, ఆరడుగుల నల్లటి మనిషి ఒకడు అరటికాయ ముక్కల్ని గ్లాసు అడుగుతో చితక్కొట్టి మళ్ళీ నూనెలో వేస్తున్నాడు. కుసుమ ఆగలేకపోయింది. "అలాక్కాదు, కారం వేయాలి" అని గదిలోకెళ్ళి పొడి డబ్బా తెచ్చింది. ఆ మనిషి ఒక ముక్క తిని, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, ఇంకో ముక్క తిన్నాడు. ఆయనే విల్మర్. మరుసటి వారం కొబ్బరిపాలు పోసి చేపల కూర వండిపెడితే, కోనసీమ పిల్ల పడిపోకుండా ఎలా ఉంటుంది చెప్పండి?

విల్మర్‌ది కొలంబియాలో పసిఫిక్ సముద్రం ఒడ్డున బ్వేనవెంతూరా. తుపాకులవాళ్ళు వాడలోకి దిగిన రోజున ఒంటిమీద బట్టలతో పడవెక్కాడు. పక్క దేశం ఈక్వడార్‌లో ఆరేళ్ళు కూలిపని చేశాక, చివరికి శరణార్థిగా హామిల్టన్‌కి పంపించారు. ఇంటి నుంచి ఒక్క ఫొటో తెచ్చుకోలేదు, ఒక్క గుడ్డపేలిక తెచ్చుకోలేదు. వాళ్ళమ్మ తెయోఫిలా ఊరు వదలనంది, వదల్లేదు. ఆవిడ ఆ వాడకంతటికీ జడలేసే మనిషి. నలుగురు అక్కల తర్వాత పుట్టిన విల్మర్ ఆవిడ పక్కన కూర్చుని పాయలందించీ అందించీ తనూ నేర్చేసుకున్నాడు. "అక్కణ్ణుంచి నేను తెచ్చుకున్నవి ఇవొక్కటే" అని పది వేళ్ళూ చాపి చూపించేవాడు.

మనిషి నవ్వితే ఇల్లంతా వినబడేది. కానీ ఒక్క ప్రశ్న ఆయన్ని జీవితాంతం తినేసింది. మీరు ఎవరు? చర్చిలో ఆఫ్రికా వాళ్ళు ఆప్యాయంగా వచ్చి ఏ దేశం బ్రదర్ అనేవారు, కొలంబియా అనగానే మొహాలు చూసుకునేవారు. కొలంబియా వాళ్ళ పార్టీలో అందరికీ పేర్లుండేవి, ఈయన్ని మాత్రం "ఏయ్ నల్లోడా" అని పిలిచేవారు, ముద్దుకే అని పైగా వివరణ. ఈయన అక్కడ నవ్వేసి, ఇంటికొచ్చి అన్నం కెలుకుతూ కూర్చునేవాడు. ఇక మనవాళ్ళ సంగతి చెప్పాలా? ఉగాది ఫంక్షన్‌కి తీసుకెళ్తే ఒక పెద్దమనిషి ప్లేటులో పులిహోర కలుపుకుంటూ "ఆఫ్రికాలో కరెంటు ఉంటుందా?" అని అడిగాడు. సిగ్గుతో కుసుమకి ఒళ్ళు మండిపోయింది. అంతకన్నా సిగ్గుపడాల్సిన విషయం, ఆ మరుసటి ఏడాది నుంచి విల్మర్‌ని తీసుకెళ్ళడం మానేసి ఒక్కతే వెళ్ళొచ్చింది.

"మా తాతముత్తాతల్ని ఆఫ్రికా నుంచి బంగారు గనుల్లో పనికి గొలుసులేసి తెచ్చారు" అని చెప్పేవాడు కుసుమకి. "మా అమ్మమ్మ నది ఎగువన అడవి తెగలో పుట్టిన మనిషి. మా తాత ఒక తెల్ల షావుకారు, బిడ్డనిచ్చాడు గానీ పేరివ్వలేదు. మా ఇంట్లో ఐదుగురం పిల్లలం, ఐదు రంగులు. అందరి తలలూ ఒకే చేత్తో అల్లేది మా అమ్మ. ఫారంలో జాతి అన్నచోట ఏ డబ్బాలో టిక్కు పెట్టాలో తెలియనప్పుడు నాకు ఆ చెయ్యి గుర్తొస్తుంది."

పెళ్ళి సంగతి ఫోనులో చెప్పినప్పుడు కుసుమ తల్లి మంగతాయారు అడిగింది ఒకే ఒక్క మాట. "నల్లవాడా?" అవునంటే పెట్టేసింది. మళ్ళీ ఎత్తలేదు, పదకొండేళ్ళు. ఏ మాటకామాట చెప్పుకోవాలి, ఆ ఇంట్లో కుసుమ కూడా నల్లపిల్లే. చిన్నప్పుడు వారం వారం మీగడా శనగపిండీ కలిపి ఒళ్ళు మంటెత్తేలా రుద్దేది ఆ తల్లి. అలా రుద్దించుకున్న పిల్లకి ఈ బాధ మిగతావాళ్ళకన్నా బాగా తెలియాలి కదా? తెలిసింది. తెలిసే చేసింది తర్వాత చేసిన పని.

కూతురు పుట్టింది. కీర్తన అని పేరు పెట్టుకున్నారు. కళ్ళు కుసుమవి, ముక్కూ పెదవులూ నవ్వూ విల్మర్‌వి, జుట్టు అచ్చంగా తెయోఫిలాది. స్ప్రింగులు చుట్టుకున్నట్టు ఒత్తుగా పైకి లేచే జుట్టు. కుసుమ పళ్ళదువ్వెన పెడితే రెండు దువ్వెనలు విరిగాయి, పిల్ల వీధంతా వినబడేలా ఏడ్చింది. ఆ రోజునుంచి ఆ డిపార్ట్‌మెంటు విల్మర్‌ది.

రెండు వారాలకోసారి ఆదివారం పొద్దున ఆయన సోఫాలో కూర్చునేవాడు. కింద కుషన్ వేసుకుని, తండ్రి రెండు మోకాళ్ళ మధ్య కీర్తన. ఒళ్ళో పసుపు రబ్బరు బ్యాండ్ల డబ్బా. మూడు గంటలు పట్టేది. మాడుని అంటిపెట్టుకుని, పొలం గట్లలాగా వంపులు తిరుగుతూ తొమ్మిది సన్నజడలు. ఒక్కోదానికీ ఒక పేరు. ఇది మన నది, ఇది చేపల రేవుకి దారి, ఎడమ చెవి వెనక తిరిగేది అబ్వేలా ఇంటికి దారి. అబ్వేలా అంటే వాళ్ళ భాషలో నాయనమ్మ. అల్లడం అయ్యాక ఆ అబ్వేలాకి వీడియో కాల్. పిల్ల వెనక్కి తిరిగి తల చూపించాలి. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దేది. "మూడోది వదులైంది. బద్ధకమా నీకు?" నలభై దాటిన విల్మర్ చేతులు కట్టుకుని "తప్పయిపోయిందమ్మా" అనేవాడు. కీర్తన పొట్ట పట్టుకుని నవ్వేది.

జూన్ నెలలో, ఇక్కడది చలికాలం, ఒక ఆదివారం అలాగే జడలు వేశాడు. ఆ రోజు అక్కడ కరెంటు లేక అబ్వేలా కాల్ కలవలేదు. సర్లే, తర్వాత చూపిద్దాం అనుకున్నారు. సోమవారం పొద్దున విల్మర్ ఎప్పటిలాగే వ్యాను తీసుకుని, ఊరవతల ఒక ఆవుల ఫారానికి పాలు పితికే యంత్రం బాగుచెయ్యడానికి వెళ్ళాడు. పదకొండింటికి అక్కడే గుండె పట్టుకుని కూలిపోయాడు. అంబులెన్సు వచ్చేసరికే అంతా అయిపోయింది. నలభై మూడేళ్ళు. జ్వరమొస్తే మాత్ర కూడా వేసుకోని మనిషి.

తెయోఫిలా ఏడ్చిన ఏడుపు ఫోనులో వినలేక కుసుమ గోడకి తల ఆనించుకుంది. చివరికి ఆవిడే గొంతు సర్దుకుంది. "ఇక్కడ తొమ్మిది రోజులు జపం చేస్తాం. ఈ తొమ్మిది రోజులూ నేను ఏ ఫొటోలూ చూడను, ఫోనూ ముట్టను. ఆఖరి రోజు అందరం కూర్చున్నాక పిల్ల తల చూపించు. వాడి చేతిపని నేను చూడాలి. అందాకా విప్పకండి తల్లీ." కుసుమకి వచ్చిన స్పానిష్ వంటింటి స్పానిష్. అయినా ఈ మాటలన్నీ అర్థమయ్యాయి. పక్కనే నిలబడ్డ కీర్తన అమ్మ చెయ్యి పట్టుకుని "ప్రామిస్?" అంది. "ప్రామిస్" అంది కుసుమ. ఆ రాత్రి నుంచి పిల్ల తలకి పట్టుగుడ్డ కట్టుకుని, పక్కకి దొర్లకుండా వెల్లకిలా పడుకోవడం మొదలుపెట్టింది.

మూడో రోజున సీతారత్నం వచ్చింది. కుసుమకి స్వయానా పిన్ని. ఆక్లాండ్‌లో, మౌంట్ ఆల్బర్ట్‌లో కొడుకు దగ్గర ఉంటుంది. గంటన్నర దూరం, పదకొండేళ్ళలో ఒక్కసారైనా ఈ గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు రెండు సంచుల సరుకులతో దిగి, కుసుమని గుండెకి హత్తుకుని "నా తల్లీ, నా తల్లీ" అని ఏడ్చింది. ఆవిడని చెడ్డదాన్ని చేసి చెప్పాలని నాకూ లేదు. వంట చేసింది, బట్టలుతికింది, కుసుమకి ముద్దలు కలిపి పెట్టింది. అన్నేళ్ళ తర్వాత ఇంట్లో తెలుగు వినబడుతుంటే, చారు వాసన వస్తుంటే, కుసుమకి చలిలో దుప్పటి కప్పినట్టే ఉంది. ఆ దుప్పటి ఎక్కడ జారిపోతుందో అని భయం కూడా పట్టుకుంది.

పదో రోజుకి ముందటి సాయంత్రం సీతారత్నం అసలు సంగతికొచ్చింది. "ఒసేయ్ కుసుమా, గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం, ఆ దిక్కుమాలిన తంతులేవీ నేను జరగనివ్వను. నీ బొట్టు నీ ఇష్టం. కానీ రేపు మైల స్నానం మాత్రం తప్పదే. జుట్టు విరబోసుకుని నిండా తలకి పోసుకోవాలి. పిల్లకి కూడా. ఆ జడలు విప్పాల్సిందే."

"దాని నాన్న వేసిన జడలు పిన్నీ. వాళ్ళ నాయనమ్మకి చూపిస్తానని మాటిచ్చాను. రేపు పొద్దున తొమ్మిదికి కాల్ ఉంది. ఆ తర్వాత విప్పుతాను."

"తొమ్మిది తర్వాత విప్పి, తలంటి, ఆరబెట్టి, ఎప్పటికి తెములుతావే? ఈ చలిలో ఆ జుట్టు సాయంత్రానికైనా ఆరుతుందా?" సీతారత్నం దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "మీ అమ్మతో మాట్లాడాను. రేపు మధ్యాహ్నం రెండున్నరకి వీడియోలోకి వస్తానంది. నిన్నూ, పిల్లనీ చూస్తుందిట. మొదటిసారి చూడబోతోందే, చక్కగా తలంటి, నూనె రాసి, రెండు జడలేసి కూర్చోబెట్టు. మన పిల్లలా కనబడనీ."

మన పిల్లలా. ఆ ఒక్క మాట దగ్గర కుసుమ ఆగిపోయింది. అమ్మ వస్తుంది. పదకొండేళ్ళు ఫోను ఎత్తని అమ్మ. పిల్ల అలా తొమ్మిది గట్ల జడలతో కనబడితే అమ్మ మొహం ఎలా మారుతుందో కుసుమ కళ్ళముందే ఆడింది. మొగుడు పోయి పది రోజులు కాలేదు, ఈవిడకి తన తల్లి దగ్గర వంద మార్కులు రావాలని తాపత్రయం. మైల అన్నది వట్టి సాకు. ఆ సంగతి కుసుమకి అప్పుడే తెలుసు.

మర్నాడు ఆరున్నరకి కీర్తనని లేపి బాత్‌రూమ్‌లో స్టూలు మీద కూర్చోబెట్టింది. పిల్ల నిద్రకళ్ళతో పట్టుగుడ్డ విప్పుకుని, అమ్మ వేళ్ళు మొదటి రబ్బరు బ్యాండు మీద పడగానే ఉలిక్కిపడింది. "అమ్మా, అబ్వేలా ఇంకా చూడలేదు."

"మన ఆచారమమ్మా. ఈ రోజు తలంటు పోసుకోవాలి. అబ్వేలాకి నేను చెప్తాలే."

"నువ్వు ప్రామిస్ చేశావు."

కుసుమ మొదటి బ్యాండు లాగేసింది. విప్పింది. పైనుంచి ఒక్కొక్కటే, నది, చేపల రేవు, మిగతావీ. విల్మర్ చెయ్యి ఎంత బిగువో అప్పుడు తెలిసింది, ఒక్కో ముడీ పిన్నుతో తీయాల్సి వచ్చింది. కీర్తన ఏడవలేదు. ఎనిమిది జడలు అయ్యాక ఎడమ చెవి వెనక చెయ్యి పెట్టి మూసేసుకుంది. "ఇది ఒక్కటి ఉంచు. ప్లీజ్. ఇది ఒక్కటే."

కుసుమ చెయ్యి ఆగింది. గుమ్మంలో తువ్వాలు పట్టుకు నిలబడ్డ సీతారత్నం "సగం మైల తీసి సగం ఉంచుతావుటే?" అంది. ఆవిడ అక్కణ్ణుంచి కదలలేదు. కుసుమ పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే మెల్లిగా విడదీసింది. అబ్వేలా ఇంటికి దారి కూడా విప్పేసింది.

తర్వాత వేడినీళ్ళు, షాంపూ, కొబ్బరినూనె, హెయిర్ డ్రయ్యర్. ఇద్దరు ఆడవాళ్ళు చెరో పక్కనా గుంజి, ఎలాగోలా రెండు జడలేసి ఎర్ర రిబ్బన్లు కట్టారు. దువ్వెనలో ఇరుక్కున్న జుట్టుని సీతారత్నం అలవాటు ప్రకారం ఉండచుట్టి చెత్తబుట్టలో పడేసింది. పసుపు బ్యాండ్లు నేలమీంచి ఏరుకుని కీర్తన పిడికిట్లో పెట్టుకుంది.

సరిగ్గా తొమ్మిదికి ఫోను మోగింది. అక్కడ మంగళవారం సాయంత్రం. నల్లబట్టల్లో తెయోఫిలా, వెనక కొవ్వొత్తులు, పటం, అక్కలు, మేనల్లుళ్ళు, ఇరుగుపొరుగు, గది నిండా జనం. ఆవిడ కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుంది. "ఏదమ్మా, అటు తిరుగు. మీ నాన్న చెయ్యి చూపించు."

కీర్తన తిరగలేదు. తల వంచుకుని కూర్చుంది. రెండు జడలూ, ఎర్ర రిబ్బన్లూ స్క్రీన్ నిండా కనబడుతున్నాయి. తెయోఫిలా ముందుకి వంగి చూసింది, కళ్ళద్దాలు తీసింది, మళ్ళీ పెట్టుకుంది. ఎవరో వెనకాల ఏదో అడిగితే చెయ్యెత్తి ఆపింది. కుసుమ నోటికొచ్చిన స్పానిష్ ముక్కలన్నీ ఏరుకుంది. "మా పద్ధతి అత్తగారూ... పదో రోజు... నీళ్ళు పొయ్యాలి..." చెబుతూంటే తనకే అసహ్యం వేసింది.

"వాడి శవాన్ని నేను చూడలేదు" అంది తెయోఫిలా. గొంతులో కోపం లేదు. "చేతులైనా చూద్దామనుకున్నాను." పిల్లని చూసి, "నుదురు లాగేస్తున్నట్టుంది పాపం. ఆ రిబ్బన్లు కాస్త వదులు చెయ్యమ్మా" అంది. అంతే. తిట్టినా బాగుండేది.

రెండున్నరకి మంగతాయారు వచ్చింది. జుట్టు తెల్లబడింది, మనిషి చిక్కింది. కుసుమని చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత కీర్తన వైపు తిరిగి చాలాసేపు చూసింది. "కళ్ళు నీవేనే కుసుమా. రంగు కాస్త... అయినా ఫర్వాలేదు. మన పిల్లలాగే ఉందే."

పదకొండేళ్ళు ఎదురుచూసిన మాట. తీరా వినబడ్డాక కుసుమ చూపు ఆ ఎర్ర రిబ్బన్ల మీద పడింది. కీర్తనకి తెలుగు మాట్లాడ్డం సరిగ్గా రాదు గానీ అర్థమవుతుంది. లేచి నిలబడి రెండు రిబ్బన్లూ లాగేసింది. జడలు వేళ్ళతో విప్పేసుకుంది. నూనె బరువుకి అణిగున్న జుట్టు కొంచెం కొంచెంగా పైకి లేచి నిలబడింది. "నేను పపా లాగ ఉంటాను" అంది. పొడిపొడి తెలుగులో, స్పష్టంగా.

"అయ్యో, ఇంకా తడి ఆరలేదేమో, ఆ జుట్టేమిటే అలా లేస్తోంది? కట్టెయ్యవే" అంది మంగతాయారు.

"అది తడి కాదమ్మా. అది వాళ్ళ నాన్న" అంది కుసుమ. ఫోను పెట్టేసింది. ఈసారి పెట్టేసింది తను. ఏం లాభం? ఆ మాట అనాల్సింది పొద్దున ఆరున్నరకి, బాత్‌రూమ్ గుమ్మంలో నిలబడ్డ మనిషితో.

సీతారత్నం మర్నాడు వెళ్ళిపోయింది, తనేం తప్పు చేసిందో నిజంగానే అర్థంకాక. ఆ జడల ఫొటో ఒక్కటైనా ఉందేమోనని కుసుమ ఫోనులన్నీ వెతికింది. విప్పేముందు తీసుకోవాలన్న ధ్యాసే రాలేదు. జడలేసిన ఆదివారం ఫొటో తీద్దామంటే కీర్తనే "రేపు యూనిఫామ్ వేసుకున్నాక" అందిట, ఆ రేపు అలా తెల్లారింది. విల్మర్‌ని పూడ్చిన రోజున వాన, పిల్ల తలమీంచి కోటు టోపీ తీయలేదు. ఒకే ఒక్క ఫొటోలో చెవి పక్కన ఒక జడ కొస కనిపిస్తుంది. అదీ మసకగానే ఉంది.

తర్వాతి ఆదివారం కుసుమే సిగ్గు విడిచి అత్తగారికి ఫోను చేసింది, నేర్పమని. ఆవిడ ఒక్క దెప్పుడు మాట అనలేదు. వీడియోలో, కుర్చీ వీపుకి ఊలు దారాలు కట్టించి పాయలు ఎలా కలుపుకుంటూ పోవాలో వారం వారం నేర్పింది. "వదులైంది. విప్పి మళ్ళీ వెయ్యి" అనేది, విల్మర్‌తో అన్నట్టే. రెస్ట్ హోమ్‌లో ఒక ముసలమ్మ తన తలమీద నేర్చుకోమని పట్టుబట్టి, ఆ పలచటి జుట్టుతో మూడు వంకర జడలు వేయించుకుని వారమంతా మురిసిపోయింది. కుసుమ వేళ్ళ కొసలు పగిలాయి. మూడు నెలలకి చెయ్యి తిరిగింది. ఊలు మీద తొమ్మిది వరసలు, వంపులతో సహా వచ్చాయి. "ఇక పిల్లకి వెయ్యి" అంది తెయోఫిలా.

ఈ మూడు నెలలూ కీర్తన తన జుట్టు తనే తడిపి, పైకి ముడేసుకుని స్కూలుకెళ్తోంది. అమ్మని దువ్వెన ముట్టనివ్వలేదు. మిగతా అన్నిటికీ మామూలుగానే ఉంటుంది. అన్నం తింటుంది, హోమ్‌వర్కు చూపిస్తుంది, పడుకునేముందు ముద్దు పెడుతుంది. కానీ రెండు వారాలకోసారి ఆదివారం పొద్దున, ఎవరూ పిలవకుండానే, కుషన్ తెచ్చుకుని ఖాళీ సోఫా ముందు కింద కూర్చుంటుంది. ఒళ్ళో పసుపు బ్యాండ్ల డబ్బా పెట్టుకుని కాసేపు కూర్చుని లేచి వెళ్ళిపోతుంది.

అలాంటి ఒక ఆదివారం కుసుమ చేతులు కడుక్కుని, వెడల్పు పళ్ళ దువ్వెన తీసుకుని వచ్చి, విల్మర్ కూర్చునే చోట కూర్చుంది. పిల్ల భుజాలు తన మోకాళ్ళకి జానెడు దూరంలో ఉన్నాయి.

"నాకిప్పుడు వచ్చమ్మా. అబ్వేలా నేర్పింది. నదీ, చేపల రేవూ, అబ్వేలా ఇంటికి దారీ, అన్నీ వచ్చు. వెయ్యనా?"

కీర్తన డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టింది. వెనక్కి తిరగలేదు.

"వద్దమ్మా" అంది మెల్లిగా. "నువ్వు మళ్ళీ విప్పేస్తావు."

కుసుమ దువ్వెన ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. పిల్ల లేచి వెళ్ళలేదు, అలాగని వెనక్కి జరగనూ లేదు.